తాడు సంగతి రాసినవా

నా చేతిరాత బాగుంటుంది. నాలో బాగున్నది అదొక్కటేనని మా అమ్మ అనేది. ఏడో తరగతి నడుమ బడి మానేసి, గోడల మీద సిమెంటు, ఎరువుల ప్రకటనలు రాసే ఒకాయన వెంట రంగు డబ్బాలు మోస్తూ నాలుగేళ్లు తిరిగాను. ఇంగ్లీషు అక్షరాలు ముత్యాల్లా దించేవాణ్ణి. ఏం రాశావురా అని అడిగితే మాత్రం చెప్పలేను. బర్రె మీద కూర్చున్న కొంగకు బర్రె పేరుతో పనేముంది?

ఆ చేతిరాతే దుబాయి అవతల రాస్ అల్ ఖైమా కొండల్లో నా చేత పెన్ను పట్టించింది. కొండను పేల్చి, బండల్ని కంకరగా నలిపే క్రషర్ మాది. కంకర ఒకచోటి నుంచి ఇంకోచోటికి రబ్బరు బెల్టుల మీద పోతుంది. ప్రతి బెల్టుకూ పొద్దున్నే పని మొదలుకాకముందు తనిఖీ చేసి, పుస్తకంలో పదిహేను గడులు నింపాలి. చూశాను, బాగుంది, ఇన్ని గంటలకు చూశాను, కింద సంతకం. అది రాసేవాణ్ణి నేను.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. రేపటి పేజీ ఇవాళ సాయంత్రమే నింపేవాళ్లం. పొద్దున బస్సు దిగగానే మిషన్లు తిరగాలి, రాసుకుంటూ కూర్చునే టైం ఎక్కడిది? పైగా దుమ్ములో కాగితం నల్లబడితే ముదీర్‌కు, అంటే మా మేనేజరుకు, చిరాకు. నాకు ముందు రాసినవాడూ అలాగే రాశాడు, వాడికి ముందువాడూ అలాగే. కాబట్టి నేను రోజూ సాయంత్రం ఐదింటికి, చల్లారిన చాయ్ పక్కన పెట్టుకొని, ఇంకా తెల్లవారని పొద్దు గురించి ‘చూశాను, బాగుంది, ఆరు గంటల పది నిమిషాలు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాణ్ణి. జ్యోతిష్యం చెప్పేవాళ్లు కూడా నా అంత ధైర్యంగా నిమిషాలతో సహా చెప్పరు.

రెండో నంబరు బెల్టు కింద మామ పనిచేసేవాడు. మామ అంటే చుట్టరికం కాదు, జగిత్యాల వైపు మా పక్క ఊరివాడు, యాభై దాటిన మనిషి. బెల్టు మీంచి జారిన రాళ్లు అడుగున రోలర్ దగ్గర కుప్పపడతాయి. వాటిని పారతో తీసెయ్యకపోతే బెల్టు పక్కకు జరిగిపోతుంది. తిరిగే రోలర్ పక్కన నిలబడి చేసే పని కాబట్టి బెల్టు పొడవునా నడుమెత్తున ఎర్ర తాడు ఒకటి కట్టి ఉంటుంది. ఏదన్నా అయితే ఆ తాడు గుంజాలి, బెల్టు ఆగిపోతుంది. మామకు ఈ దేశంలో ఉన్న ఒకే ఒక్క దేవుడు ఆ తాడు.

అది పాడైంది. తాడు కాదు, తాడు చివర ఉండే స్విచ్చు డబ్బా. లోపల దుమ్ము చేరి కాలిపోయింది. తాడు బట్టలారేసే తీగలా వేలాడేది. గుంజితే చేతిలోకి వచ్చేది, బెల్టు మాత్రం దాని మానాన అది తిరిగేది.

మామ చదువుకోలేదు. అందుకే కాగితాన్ని నమ్మేవాడు. మరుసటి సాయంత్రం నేను పుస్తకం తెరవగానే వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“తాడు సంగతి రాసినవా?”

“రాస్తున్న మామ.”

నిజంగానే రాశాను. పదకొండో గడిలో బాగాలేదు అని రాశాను. ఫోర్‌మెన్ ఆ పేజీ చూసి, కోపం కూడా చెయ్యలేదు. బాగాలేదని రాస్తే బెల్టు నడపకూడదు, బెల్టు ఆగితే క్రషర్ ఆగుతుంది, క్రషర్ ఆగితే ముదీర్ ఆగడు అని హిందీలో నెమ్మదిగా వివరించాడు. “డబ్బా వస్తుంది. నువ్వు ఓకే రాయి, భాయ్.” పేజీ చింపి జేబులో పెట్టుకున్నాడు. నేను కొత్త పేజీలో ఓకే రాశాను. మొదటిదానికంటే అందంగా వచ్చింది.

మరునాడు మామ మళ్లీ అడిగాడు. “రాసినవా?”

“రాసిన.”

అబద్ధం కాదు. రాశాను. ఏం రాశానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం అదే ప్రశ్న, అదే జవాబు. తన మొర రోజుకొకసారి పై ఆఫీసుకు పోతోందని మామ అనుకున్నాడు.

అప్పటికి మాకు ఇంగ్లీషు క్లాసు ఒకటి నడుస్తుండేది. కరోనా ఏడాదిలో మేముండే క్యాంపు గేటుకు తాళం పడింది, శుక్రవారం బయటికి పోయే దారి లేదు. పేకాట ఆడి ఆడి ముక్కల బొమ్మలు అరిగిపోయాక, సేఫ్టీ చూసే సారు మెస్‌లో తెల్లబోర్డు పెట్టి ఇంగ్లీషు మొదలుపెట్టాడు. కడప వైపు తురకాయన, మంచివాడు. గేటు తెరిచాక కూడా ఆపలేదు. మామ కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చునేవాడు. ఎందుకు మామా అంటే, “ఫ్యాన్ ఈడనే మంచిగ తిరుగుతది” అనేవాడు.

తాడు పాడైన ఆ నెలలోనే సారు రేపటి సంగతులు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నేర్పాడు.

“ఇనండప్పా. ఇంగ్లీషులో జరిగిపోయినదానికి క్రియకే గుర్తు ఉండాది. జరగబోయేదానికి అట్లాంటి సొంత గుర్తు లేదు. ఆడొక మాట, ఈడొక మాట తెచ్చుకోని చెప్పుకోవాల.”

“అంటే ఇంగ్లీషోళ్లకు రేపు కిరాయికొంపనా సార్?” అన్నాను.

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు. “నీకు మటుకు సొంతమా? మామ వస్తడు అంటావే, రోజూ వస్తడా, రేపు వస్తడా? మాట ఒకటే గదా.”

మాటకు మాట అనబోయి, దాన్ని నోట్సులో ముత్యాల్లా రాసుకున్నాను.

తర్వాత ఒక్కొక్కటే బోర్డు మీద రాశాడు. విల్ అంటే అప్పటికప్పుడు అనుకున్నది, మాట ఇచ్చేది, ఊహించి చెప్పేది. గోయింగ్ టు అంటే ముందే మనసులో పెట్టుకున్నది, లేదా కంటికి గుర్తు కనబడుతున్నది. “ఆ కొండ మీద మబ్బు నల్లగ దిగిందనుకో, ‘ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్’ అనాల. చూస్తానే తెలుస్తాండాది గదా.” టికెట్ తీసి, రోజు ఖాయం చేసుకున్నదైతే, ఇప్పుడు జరుగుతున్నట్టే చెప్పాలి: ఐ యామ్ గోయింగ్ ఆన్ సండే. బస్సులు, విమానాల వేళలైతే రోజూ జరిగేదానిలా: బస్ లీవ్స్ ఎట్ ఫైవ్. ఇంక షల్ అన్నది చట్టం మాట, గోడ మీది బోర్డు మాట.

నేను ఊరుకుంటానా? చెయ్యెత్తాను.

“సార్, తాడు గురించి ముదీర్ విల్ అన్నడు. ఫోర్‌మెన్ గోయింగ్ టు అన్నడు. స్టోరోడు ఈజ్ కమింగ్ థర్స్‌డే అన్నడు, ఏ థర్స్‌డేనో అడిగితే ఫోన్ పెట్టేసిండు. గోడ మీద షల్ అని మీరే రాసి పెట్టిండ్రు. తాడుకు వకీలు దొరికిండు గాని కరెంటు దొరకలేదు.”

మెస్ అంతా నవ్వింది. సారు బోర్డు తుడుస్తూ నవ్వాడు, కానీ తుడిచినచోటే మళ్లీ మళ్లీ తుడిచాడు. నేను సాయంత్రం రాసే పేజీల కింద పొద్దున వరసగా సంతకాలు పెట్టేది ఆయనే. చూడకుండా.

ఆ రోజు మామ వంతు వచ్చింది. ఐ యామ్ గోయింగ్ అనమన్నాడు సారు.

“అట్లనొద్దు సారూ. పనికి పోయేటోడు పోతున్న అనొద్దు. పోయొస్త అనాలె.”

“ఇంగ్లీషులో అట్ల లేదు పెద్దాయనా.”

“అయితే ఏముందో అది చెప్పు. వచ్చుడుకు ఏమంటరు?”

“ఐ విల్ కమ్.”

“ఆఁ. అదే అంట.”

అప్పట్నుంచి మామ బెల్టు కిందికి దిగేముందు రోజూ మా వైపు తిరిగి, ఐ విల్ కమ్ అనేవాడు. మేమందరం కలిసి వెల్‌కమ్ అనేవాళ్లం. నవ్వులాట.

నవ్వులాటే కానీ మామ తెలివి తక్కువవాడు కాదు. తాడు పాడైన వారంలోనే వెల్డింగు షెడ్డుకు పోయి, తన పారకు మనిషిన్నర పొడుగు పైపు అతికించుకొని వచ్చాడు. ఇంక రోలర్ దగ్గరికి పోయేవాడు కాదు. దూరంగా నిలబడి, పడవవాడు తెడ్డు వేసినట్టు, ఆ పొడుగు పారతో రాళ్లు లాగేవాడు. పని సగమే అయ్యేది. ఫోర్‌మెన్ తిట్టేవాడు. మామ తలూపేవాడు, దగ్గరికి మాత్రం పోయేవాడు కాదు. “తాడు మంచిగైనంక పోత.” ఒకే మాట.

మే గడిచింది. కొండలు పెనంలా కాలుతున్నాయి. జూన్‌లో ఒక రోజు, ఎవరో పెద్దవాళ్లు సైటు చూడడానికి వస్తారని కబురు వచ్చింది. ఫోర్‌మెన్ మనిషిని పెట్టి మెట్లకు పసుపు రంగు వేయించాడు, రెండో నంబరు తాడును బిగించి కట్టించి ఎర్ర రంగు వేయించాడు. డబ్బా మాత్రం అదే. మూతకు కూడా రంగు పూశారు. దూరం నుంచి చూస్తే కొత్తది అనుకుంటారు. దగ్గర నుంచి చూసినా అనుకుంటారు.

ఆ సాయంత్రం మెస్ నిండా జనం. మరునాటి నుంచి ఎండాకాలం వేళలు, పని గంట ముందే మొదలు, ఐదున్నరకు. అందరూ దాని గురించే గొణుగుతున్నారు. నేను పుస్తకం ముందు పెట్టుకొని, చుట్టూ పదిమంది వినేవాళ్లు దొరికితే పెరిగే హుషారులో ఉన్నాను. మామ వచ్చాడు.

“తాడు సంగతి రాసినవా?”

నెలన్నరగా వింటున్న ప్రశ్న. ఆ రోజు నాకు జవాబు కాదు, నవ్వు కావాల్సి వచ్చింది.

“ఇంకేం రాసుడు మామా! పెండ్లికొడుకు లెక్క రంగేసి నిలబెట్టిండ్రు, చూడలేదా? గుంజుడే ఆలస్యం, బెల్టు చేతులు కట్టుకొని నిలబడ్తది.”

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. “అట్లనా. మంచిగైంది” అన్నాడు. లేచి పోయాడు. పోతూ పోతూ గ్లాసు కడిగి బోర్లించి పోయాడు.

మామ నవ్వింది నా పరాచికానికి కాదు. తాడు బాగైందని. ఆ తేడా నాకు ఆ క్షణంలో తెలిసిందా లేదా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఒక్కోసారి తెలియలేదని చెప్పుకుంటాను. కానీ ఆయన గ్లాసు బోర్లించడం ఇంత స్పష్టంగా ఎందుకు గుర్తుంది? ఆయన వీపు వైపు చూస్తూ ఉన్నాను కాబట్టి. పిలవాలా అనుకుంటూ ఉన్నాను కాబట్టి. అంతలో ఎవరో ఇంకో మాట అన్నారు, నేను దానికి ఎదురు మాట వెతుక్కున్నాను. తర్వాత పేజీ నింపాను. పదకొండో గడి: బాగుంది. ఆరు గంటల పది నిమిషాలు.

మరునాడు ఐదున్నరకు ఎండ ఇంకా కొండ దాటి రాలేదు. మామ మా వైపు తిరిగి ఐ విల్ కమ్ అన్నాడు. నిద్రమొహాలతో ఎవరమూ గట్టిగా బదులు చెప్పలేదు. నేను నీళ్ల క్యాను నింపడానికి పోయాను. క్యాను మోసుకొని వస్తుంటే షెడ్డు గోడకు పొడుగు పార ఆనించి ఉంది. మామ చేతిలో ఉండాల్సిన పార. అది అక్కడెందుకు ఉందని మెల్లగా ఆలోచిస్తూ రెండడుగులు వేశాను. క్యాను వదిలేసి ఉరికాను.

బెల్టు చప్పుడు అప్పటికే మారింది. రాళ్ల చప్పుడులో రాయి కానిది కలిస్తే తెలుస్తుంది. మామ ఎడమచేత్తో ఎర్ర తాడు పట్టుకొని గుంజుతున్నాడు. కేకలు వేయడం లేదు. మళ్లీ మళ్లీ గుంజుతున్నాడు, రంగు ఆరని తాడు చేతికి అంటుకుంటోంది. మేం అరిచిన అరుపులకు పైన గదిలో ఆపరేటర్ లేచి బెల్టు ఆపాడు. అప్పటికి కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. ఐదూ యాభై అయింది. అంబులెన్సువాళ్లు అడిగితే ఆపరేటర్ గడియారం చూసి చెప్పిన వేళ అది.

ఎనిమిదింటికి ఫోర్‌మెన్ పుస్తకం పట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. నేను షెడ్డులో నేల మీద కూర్చుని ఉన్నాను. సారు గుమ్మంలో నిలబడ్డాడు. ఫోర్‌మెన్ పేజీ చూపించి, ఆరూ పది అన్నచోట వేలు పెట్టాడు. పని ఐదున్నరకు మొదలైంది, ఐదూ యాభైకి మనిషి చెయ్యి పోయింది, నువ్వు తాడును ఆరూ పదికి చూశావట. వేళలు మారాయని అందరితో పాటు గొణిగిన నేనే, చెయ్యి అలవాటు కొద్దీ పాత వేళ రాసింది.

“కొత్త పేజీ రాయి. ఐదూ పది అని. తాడు బాగుంది, వాడే చూసుకోలేదు. యల్లా, తొందరగా, ఆఫీసరు బండి వస్తోంది.”

అలా రాస్తే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. తప్పు మామది అవుతుంది. చెయ్యి పోయినవాడి మీదే రాత పడుతుంది. సారు వైపు చూశాను. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

పెన్ను తీసుకున్నాను. ఇక్కడ ధైర్యం కథ చెప్పాలని నాకూ ఉంటుంది, అలా చెప్తే బాగుంటుంది కూడా. కానీ నేను రాయనని అనలేదు. రాయబోయాను. ఐదు అంకె రాలేదు. చెయ్యి ఎంత వణికిందంటే గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కాకి గూడు అయింది. నాలుగేళ్లు గోడలెక్కి రాసిన చెయ్యి అది. ఇంకో పేజీ తిప్పాడు ఫోర్‌మెన్. అదీ అంతే. బయట బండి ఆగిన చప్పుడైంది. “ఖలాస్” అని ఆ రెండు పేజీలూ చింపేసుకొని వెళ్లిపోయాడు. ఆరూ పది పేజీ పుస్తకంలోనే ఉండిపోయింది.

విచారణకు వచ్చిన సర్కారు ఆఫీసరు తెల్లని కందూరా, అంటే అరబ్బుల పొడుగు అంగీ, వేసుకున్న పెద్దమనిషి. గొంతు పెంచలేదు. పేజీ చూశాడు, గడియారం చూసుకున్నాడు, మళ్లీ పేజీ చూశాడు. ఇది ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని ఇంగ్లీషులో అడిగాడు. సారు తెలుగులో నన్నడిగాడు. నేను నిన్న సాయంత్రం అన్నాను. అది ఇంగ్లీషులో చెప్పే ముందు సారు పుస్తకంలోని తన పాత సంతకాల వైపు చూశాడు. ఆ మాటతో అవీ చూడకుండా పెట్టినవేనని తేలిపోతుందని ఆయనకు తెలుసు. ఆ తర్వాత, విల్ లేకుండా గోయింగ్ టు లేకుండా, జరిగింది జరిగినట్టే చెప్పాడు.

తప్పు మామది కాదని తేలింది. స్విచ్చు డబ్బా ఆ గురువారమే తెచ్చి బిగించారు. సారును సాగనంపారు. ఫోర్‌మెన్ మారాడు. నన్ను అల్ ఐన్ అనే ఇంకో ఊరికి పంపారు. ఇక్కడ ఖర్జూరం తోటల పక్కన సిమెంటు ఇటుకలు పోసే యార్డులో పని. నాకు చేతిరాత ఉందని ఎవరికీ చెప్పలేదు.

మామ ఊరికి పోయాడు. రెండు వారాలకోసారి ఫోన్ చేస్తుంటాను. ప్రతిసారీ ఒక మాట అంటాడు. “నువ్వు రోజూ తాడు సంగతి రాయబట్టే నేను బతికిన బిడ్డా. లేకుంటే నాదే తప్పని రాస్తుండిరి. సారు గూడ అన్నడు, నీ కాగితమే కాపాడిందని.” నేను అవును మామ అంటాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఎవరితోనూ పరాచికాలు ఆడను. ఈసారి చెప్తాను అని ప్రతిసారీ అనుకుంటాను. ఇన్నేళ్ల నుంచీ అనుకుంటున్నాను.

పోయిన వారం మామే ఫోన్ చేశాడు. గొంతులో సంతోషం.

“అల్లుడు వస్తున్నడు. మన క్రషర్‌కే. వీసా వచ్చింది, టికెట్ అయింది, వచ్చే ఆదివారం దిగుతడు.”

“ఏం పని మామ?”

“బెల్టు కాడనే. నేనే చెప్పిన. భయం లేదు బిడ్డా, ఆడ ఏది పాడైనా పుస్తకంల రాస్తరు, రోజూ రాస్తరు, రాసినంక భయం లేదని చెప్పిన. నీ లెక్కటోడు ఇంకొకడు ఉంటడు గద.”

ఉంటాడు. ఉన్నాడు కూడా. అక్కడే మిగిలిపోయిన ఒక తెలిసినాయనను అడిగాను. కొత్త కుర్చీ, కొత్త పుస్తకం, కొత్త మనిషి. ఎప్పుడు రాస్తాడు అని అడిగాను. సాయంత్రం ఐదింటికి, చాయ్ తాగుతూ, అన్నాడు.

సారు చెప్పిన వాటిలో నాకు బాగా గుర్తున్నవి రెండే. టికెట్ తీసుకున్నదైతే జరుగుతున్నట్టే చెప్పాలి. కంటికి గుర్తు కనబడుతుంటే ఇంకోలా చెప్పాలి. అల్లుడు వస్తున్నాడు. ఇవాళ శుక్రవారం. కాగితం మీద ఏముంటుందో అడగాలని ఆ అల్లుడికి చెప్పగలిగేది మామ ఒక్కడే, మామకు చెప్పగలిగేది నేనొక్కణ్ణే. నేను ఏం రాశానో ముందు చెప్పకుండా అది చెప్పే దారి వారం రోజులుగా వెతికాను. మాటలు దొరకని మనిషిని కాదు నేను. ఈ ఒక్కదానికే దొరకలేదు.

యార్డు గోడ నీడలో నిలబడి నంబరు కొట్టాను. అటు ఫోన్ మోగుతోంది. ఎడమచేత్తో తీసి, పట్టుకొని, చెవి దగ్గర పెట్టుకోవడానికి మామకు కాస్త టైం పడుతుంది. అయిదోసారి మోగింది. పెట్టేద్దామనిపించింది. పెట్టలేదు.